జరీ అంచు

గౌరికి అన్నిటికంటే ఎక్కువ భయం మొగుడి నడుము కింద చర్మం ఎర్రబడటం. దొంగలంటే అంత భయం లేదు. మూడేళ్ళ నేహా మంచం మీంచి దూకుతున్నా గుండె అంతగా జారేది కాదు. రఘురామ్‌ని పక్కకి తిప్పి, లుంగీ జరిపి చూసే ఆ కాసేపు మాత్రం ఊపిరి తీసుకోవడం మరిచిపోయేది. ఏమీ లేదని తేలాక ఆ ఊపిరి వదిలి, చీపురో గరిటో అందుకునేది.

రింగు రోడ్డు మీద స్కూటర్ పడిపోయిన రోజు నుంచి రఘురామ్‌కి బొడ్డు కింద తన ఒళ్ళు తనకి తెలియదు. చీమ కుట్టినా తెలియదు, వేడి టీ ఒలికినా తెలియదు. మనమైతే ఒకేచోట కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది, పోటు పెడుతుంది, మనకి తెలియకుండానే అటో ఇటో ఒరుగుతాం. అలా ఒరగమని చెప్పే నొప్పి ఆయనకి లేదు. ఆ నొప్పి చెయ్యాల్సిన పని గౌరి చేసేది. కుర్చీలో ఉంటే, “ఏమండీ, లేవండి” అని గుర్తు చేసేది. ఆయన చేతుల మీద బరువాన్చి, ఒళ్ళు పైకెత్తి, కాసేపుంచి దింపుకునేవాడు. మంచం మీద ఉంటే తనే తిప్పేది.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు వార్డులో ఆనందకుమారి సిస్టరు, నర్సాపురం మనిషి, గౌరి బొటనవేలు పట్టుకుని చూపించింది. “ఎర్రగా కనిపించిందని కంగారుపడకమ్మా. ఇలా గట్టిగా నొక్కి తియ్యి. తెల్లబడి, మళ్ళీ ఎర్రబడిందా, ఫరవాలేదు, రక్తం తిరుగుతున్నట్టే. నొక్కి తీసినా తెల్లబడలేదా, లోపల కండ చచ్చిపోతున్నట్టు. ఇక ఆ చోటు మీద ఒక్క క్షణం కూర్చోబెట్టకు. రుద్దకు. అది పుండయిందంటే ఎముక దాకా తింటుంది.”

గౌరి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అయితే ఈ పాఠం మాత్రం ఒక్కసారికే వచ్చేసింది.

శుక్రవారం పొద్దున్న ఆయన్ని చూసి, ఏమీ లేదని నిమ్మళించి బయటికొచ్చేసరికి వరండాలో అత్తగారు రెండు పీటలకి పసుపు రాస్తున్నారు.

అన్నపూర్ణేశ్వరిగారు అమలాపురం నుంచి వచ్చిందే మొక్కుతో వచ్చారు. కొడుకు ప్రాణంతో ఇల్లు చేరితే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని. సోమవారం రఘురామ్ మళ్ళీ ఆఫీసులో చేరాలి. సెలవులన్నీ అయిపోయాయి. చేరకపోతే ఫైలు మెడికల్ బోర్డుకి పోతుందనీ, పోయిన ఫైలు ఏమని తిరిగొస్తుందో తను చెప్పలేననీ సెక్షన్ ఆఫీసరు రామమోహనరావుగారు ముందే అన్నారు. ఆయన ఉండేదీ పక్క బ్లాకులోనే. ఉద్యోగం పోతే ఈ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టరూ పోతుంది. ఇంతలో శనివారం పౌర్ణమి వచ్చింది. చేరబోయే ముందు పౌర్ణమి, ఇంతకంటే మంచిరోజు ఏముంటుందని అత్తగారు పీటలు కడిగారు.

“అత్తయ్యగారూ, ఆయన కుర్చీలోనే కూర్చుంటారు కదండీ?” అంది గౌరి.

“కుర్చీలో కూర్చుని వ్రతం చేసుకుంటారుటే ఎక్కడైనా? దంపతులు పీటల మీద కూర్చోవాలి. కాళ్ళు నేను మడిచి పెడతాను. వెనకాల గోడుంది, పక్కన నువ్వున్నావు. ఇంకేం కావాలి?”

“పోనీ కుర్చీలో వేసే ఆ గాలిదిండు పీట మీద వేద్దామండీ.”

అత్తగారి చెయ్యి ఆగింది. “ఆ దిండు మీద ఏమేం పడ్డాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. స్వామి ముందు అదా?”

“కొత్త బొంతైనా మడిచి...”

“పీట మీద పరుపేసుకు కూర్చున్న కర్తని చూసి నలుగురూ నవ్వరూ? ఇంతోటి దానికి కొత్త తువ్వాలు మడతేసి వేస్తాలే. అయినా దేవుడి పనిలో వాడికేమవుతుందే?”

గౌరి లోపలికొచ్చింది. మంచం పక్కన కూలరు గడగడమంటోంది. రఘురామ్ అన్నీ విన్నట్టే ఉన్నాడు. ఆమె నోరు తెరవకముందే, “ఒక్క పూటే కదా గౌరీ” అన్నాడు.

“పీట చెక్కండీ. గట్టిగా ఉంటుంది.”

“తెలుసు. ఆ కుర్చీ కనబడకుండా ఒక్క పూట నీ పక్కన కూర్చోనీ. అందరూ వంగి వంగి నన్ను పలకరిస్తుంటే నాకు...” మాట ఆపేసి కిటికీ వైపు చూశాడు. “అమ్మ కూడా ఎన్నాళ్ళకి నవ్విందో చూడు.”

ఇల్లంతా ఒక మాట మీద ఉన్నప్పుడు తన మాట గొంతులోనే ఉండిపోవడం గౌరికి అలవాటే.

శనివారం పట్టుపంచె కట్టింది అత్తగారే. పెళ్ళినాటి పంచె, అరచెయ్యంత వెడల్పున కోటలు నేసిన జరీ అంచు. మంచం మీద కొడుకుని అటు దొర్లించి ఇటు దొర్లించి, కుచ్చిళ్ళు పోసి, గోచీ తీసి వెనక దోపి, “ఇదిగో, ఇప్పుడు మా అబ్బాయిలా ఉన్నాడు” అన్నారు. జరీ అంచు మడతలు మడతలుగా సరిగ్గా కూర్చునే చోటుకి వచ్చింది. గౌరి అది చూసింది. చూసి, ఆయన చంకల కింద చేతులేసి, తన మోకాళ్ళతో ఆయన మోకాళ్ళు బిగించి, నెమ్మదిగా పీట మీదికి దింపింది. ఈడ్వకుండా దింపింది. తువ్వాలు మడత మీద పిరుదులు ఆనిన చప్పుడు తనకొక్కదానికే వినిపించినట్టయింది.

నేహా చప్పట్లు కొట్టింది. “పాపా నీచే బైఠే హైఁ!” అంటూ పరుగెత్తుకొచ్చి ఆయన ఒళ్ళో కూలబడింది. నాన్న కింద కూర్చుని తనంత ఎత్తుకి రావడం ఆ పిల్లకి పండగే.

“దిగు నేహా, దిగమ్మా” అంది గౌరి.

“ఉండనీ” అన్నాడు రఘురామ్. అతని మొహం వెలిగిపోతోంది.

శాస్త్రిగారు గౌరి కొంగు, ఆయన ఉత్తరీయం చివర కలిపి ముడేశారు. ఇక ఆమె లేవడానికి లేదు. గది నిండా చుట్టుపక్కల క్వార్టర్ల తెలుగువాళ్ళు. పసుపు ముద్ద గణపతి అయ్యాడు. నవగ్రహాలకి తమలపాకులు పరిచారు. కలశం పెట్టారు. పూజ సాగి సాగి ఎప్పటికో మొదటి కథకి వచ్చింది. కథ అయినప్పుడల్లా గంట మోగేది, కొబ్బరికాయ కొట్టేవారు. గంట మోగినప్పుడల్లా గౌరి కళ్ళు ఆయన పంచె కుచ్చిళ్ళ మీదికి పోయేవి. రెండో కథ మధ్యలో కరెంటు పోయింది. కూలరు ఆగింది. పట్టు కింద ఆయన ఒళ్ళు చెమటతో తడిసిపోతుందని ఆమెకి తెలుస్తోంది.

“కొంచెం నా వైపు ఒరగండి” అంది పెదవులు కదలకుండా.

“అందరూ చూస్తున్నారు.”

“దణ్ణం పెట్టుకుంటున్నట్టు ముందుకి వంగండి పోనీ.”

“పడతాను గౌరీ. ఊరుకో.”

వెనక నుంచి రామమోహనరావుగారు, “ఏమయ్యా రఘురామ్, ఆఫీసులో ఏనాడూ ఇంతసేపు సీట్లో కూర్చోలేదు నువ్వు!” అన్నారు. గదంతా ఘొల్లున నవ్వింది. రఘురామ్ కూడా నవ్వాడు. నవ్వి, ఇంకా నిటారుగా అయ్యాడు.

“దిష్టి తీయించండి పిన్నిగారూ, రాజులా కూర్చున్నాడు” అంది రామమోహనరావుగారి భార్య లీలావతి.

గౌరి కథ వింటూనే ఉంది. వ్యాపారి పడవలో బంగారమంతా ఆకులూ తీగలూ అయిపోయిందంటున్నారు శాస్త్రిగారు. ఆమె అక్షింతలు వేసింది, హారతి తీసుకుంది, ఎవరు ఏమంటే అది చేసింది. లోపల ఏదో మొద్దుబారిపోయింది. కొంగుముడి విప్పుకుని లేవచ్చు. లేచి, చాలు, ఆయన్ని మంచం మీద పడుకోబెట్టాలి అనచ్చు. ఆ మాట అనే మనిషి వేరే ఎవరో అయినట్టు, ఆవిడ వస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది.

కథలయ్యాక ఆశీర్వచనం. తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని మాట్లాడారు. పీట మీద నుంచి ఆయన్ని లేపేసరికి అందరి తాంబూలాలూ అయిపోయాయి.

పంచె విప్పి పక్కకి తిప్పగానే కనిపించింది. ఎర్రగా, చదునుగా, జరీ అంచులోని కోటలన్నీ అచ్చు గుద్దినట్టు దిగిపోయి ఉన్నాయి. బట్ట మీద చూస్తే ముచ్చటైన అంచే. గౌరి బొటనవేలు పెట్టలేదు. కూర్చుని లేస్తే ఎవరికైనా ఎర్రబడుతుంది, కాసేపటికి పోతుంది, సిస్టరు అదీ చెప్పింది. బోర్లా పడుకోబెట్టి, గిన్నెలు తోమడానికి వెళ్ళింది. తోమిన గిన్నె మళ్ళీ తోమింది.

ఆదివారం పొద్దున్నకి కోటలు చెరిగిపోయాయి. ఎరుపు మాత్రం పోలేదు. నేహా అరచేతిలో పట్టేంత మచ్చ. గౌరి నొక్కి తీసింది. అలాగే ఉంది. మళ్ళీ నొక్కింది. వేలి కింద వేడిగా, కొంచెం గట్టిగా తగిలింది. సిస్టరు చెప్పిన రెండోది ఇదే.

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. తడిగుడ్డతో ఒత్తి, ఆరనిచ్చి, లుంగీ కప్పి, ఆయన మొహం వైపుకి వచ్చింది.

“నొక్కితే తెల్లబడటం లేదండీ.”

“సరిగా నొక్కలేదేమో.”

“నొక్కాను.”

“కొంచెమైనా తెల్లబడే ఉంటుంది. రేపటికి తగ్గుతుందిలే.” అతను తలగడలో మొహం దాచుకున్నాడు. ఆస్పత్రిలో ఒక అద్దం ఇచ్చి, రోజూ నువ్వే చూసుకోవాలయ్యా అని చెప్పినా అతను ఒక్కనాడూ చూసుకోలేదు. అది తన ఒంటి సంగతి కానట్టూ, గౌరి వంటింటి సంగతైనట్టూ ఆమెకే వదిలేశాడు.

అత్తగారు కొబ్బరినూనె గిన్నెతో వచ్చారు. “రుద్దకూడదండీ” అని గౌరి గిన్నె అందుకుంది.

“ముట్టుకోకూడదు, రుద్దకూడదు! ఇంత చేసి మళ్ళీ నాకు చెప్తున్నావా? పీట మీదికి దింపేటప్పుడు ఈడ్చి ఉంటావు. కళ్ళెక్కడ పెట్టుకున్నావే? వ్రతం చేసుకుంటే ఒంటికి దెబ్బ తగిలిందని ఎక్కడైనా విన్నామా?”

అప్పుడే కొబ్బరిచెక్కలు పెట్టిచ్చిన పళ్ళెం తిరిగివ్వడానికి వచ్చిన లీలావతి ఆ మాటలు విని బుగ్గన చెయ్యేసుకుంది. “అయ్యో, చంటిపిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకోవద్దా గౌరీ? మగాడికి ఏం తెలుస్తుంది పాపం?”

రఘురామ్ మెలకువగానే ఉన్నాడు. గౌరి అతని వైపు చూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ఆమె పళ్ళెం తీసుకుంది, ఉత్త చేతుల్తో పంపకూడదని లీలావతి చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టి పంపింది.

సోమవారం పొద్దున్నే అతను ప్యాంటూ చొక్కా తొడిగించుకున్నాడు. తల దువ్వించుకున్నాడు. మంచం పక్కన చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. బయట రామమోహనరావుగారి కారు హారన్ కొట్టింది.

“ఊఁ, పట్టు గౌరీ” అన్నాడు, చేతులు రెండూ ఆమె మెడ వైపు చాపి.

గౌరి అక్కడే మంచం అంచున కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“ఏమైంది? కారొచ్చింది.”

“నేను లేపనండీ.”

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైంది అన్నట్టు అంది. అందుకే అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం కందిపోయింది. “ఫైలు బోర్డుకి పోతే ఏమవుతుందో తెలుసా నీకు? రేపు ఏం తింటాం? ఆ పిల్లనేం చేస్తావు?”

“తెలుసండీ.”

“అమ్మా!”

అన్నపూర్ణేశ్వరిగారు వచ్చి భుజాలు పట్టి లాగబోయారు. మనిషి బరువుకి ఆవిడ చేతులే జారిపోయాయి. “నీకేమైనా పిచ్చా గౌరీ? పరువు తీస్తావా?” అన్నారు రొప్పుతూ. ఈలోగా రామమోహనరావుగారు లోపలికొచ్చారు.

“ఏంటమ్మా, టైమవుతోంది. ఇవాళ సంతకం పెట్టి మొహం చూపిస్తే చాలు. ఓ గంట కూర్చుని వచ్చేస్తాడు. జరగమ్మా, నేను పట్టుకుంటాను” అని చొక్కా చేతులు మడిచారు.

గౌరి లేచి అడ్డం నిలబడలేదు. మొగుడి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. దాన్ని వెనక్కి తీసుకెళ్ళి, ప్యాంటు నడుము సడలించి లోపలికి జరిపి, ఆ చోట ఆనించి, వదిలేసింది.

అతను చెయ్యి లాగేసుకోబోయాడు. ఆగాడు. వేళ్ళు మెల్లగా కదిలాయి. మచ్చ మీద నుంచి పక్కకి, పక్క నుంచి మచ్చ మీదికి.

“కాలుతోంది” అన్నాడు.

చెయ్యి తీసి చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టాడు.

“చేతికి తెలుస్తోంది. అక్కడ మాత్రం...” వేళ్ళతో గట్టిగా నొక్కాడు. “లోపల రాయిలా ఉందేంటి గౌరీ?”

“అవునండీ.”

అతను ఇంకాసేపు చెయ్యి అక్కడే ఉంచాడు. తర్వాత, “సార్, మీరెళ్ళండి” అన్నాడు. “డాక్టరు దగ్గర ఇంకో సర్టిఫికెట్ తీసుకుని పంపిస్తాను.”

“ఏం మాట్లాడుతున్నావయ్యా? గంట పని. నేను మళ్ళీ మళ్ళీ ఆపలేను ఫైలు.”

“తెలుసు సార్. ఈ గంట కూర్చుంటే తర్వాత ఎన్ని నెలలు మంచం దిగనో చెప్పలేను.”

ఆయన మడిచిన చేతులు విప్పుకుంటూ, “నీ ఇష్టం” అని వెళ్ళిపోయారు. కారు కదిలిన చప్పుడు వినిపించాక రఘురామ్ తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, గౌరి ఈడ్వలేదు. నన్ను పక్కకి ఒరగమని పీటల మీద ఎన్నిసార్లు అడిగిందో. నేనే ఒరగలేదు.”

అన్నపూర్ణేశ్వరిగారు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, దాని కింద ఏమీ పెట్టకుండా నిలబడ్డారు.

ఆ రోజు నుంచి అతను బోర్లాగానే ఉన్నాడు. ఛాతీ కింద ఒక తలగడ, మోకాళ్ళ కింద ఒకటి. పక్కకి ఒరిగినా ఆ చోటు మీద బరువు పడనిచ్చేవాడు కాదు. నేహా మంచం పక్కన నేల మీద కూర్చుని, నాన్న కళ్ళెదురుగా బొమ్మలు గీసేది. ఆస్పత్రికి ఫోను చేస్తే ఆనందకుమారి సిస్టరు అంతా విని, “చర్మం విడలేదు కదా? అయితే ఎత్తిపెట్టే ఉంచు, రంగు నల్లబడినా, పొక్కినా వెంటనే తీసుకురా” అంది. బోర్డు నుంచి ఏ కాగితమూ రాలేదు. వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. గౌరి దాన్ని తలుచుకోవడం మానేసింది, తలుచుకోవడానికి లోపల చోటు లేక. గురువారం పొద్దున్న నొక్కి తీస్తే మచ్చ అంచున సన్నగా తెలుపు కనిపించి మాయమైంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. రఘురామే చెయ్యి వెనక్కి పెట్టి చూసుకుని, “నిన్నటంత కాలడం లేదు” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఫోను మోగితే అత్తగారు తీశారు. చాలాసేపు ఊఁ కొట్టి పెట్టేశాక, ఆవిడ మొహంలో కొన్నాళ్ళుగా లేని కళ వచ్చింది.

“శాస్త్రిగారే గౌరీ. ఎంత సంతోషించారో. సరోజినీ నగర్లో మనవాళ్ళెవరో ఉన్నార్ట. ఆయనకీ ఇలాగే నడుం పడిపోయి, ఈమధ్యే ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నార్ట. రేపు వాళ్ళింట్లో వ్రతం. వాళ్ళావిడ కుర్చీలోనే ఉంచుతానంటే శాస్త్రిగారు ఒప్పుకోలేదుట. ఆర్.కె. పురంలో మా రఘురామ్ పీట మీద కదలకుండా ఎంత చక్కగా కూర్చున్నాడో చెప్పి, మరీ ఒప్పించి...”

మాట అక్కడ తెగిపోయింది. ఆవిడ గౌరి వైపు చూశారు. గౌరి మంచం మీద బోర్లా ఉన్న మనిషి వైపు చూసింది.

“ఎవరండీ వాళ్ళు? ఇంటి నెంబరు?”

“పేరు చెప్పలేదే. నేనూ అడగలేదు.”

గౌరి ఫోనందుకుంది. శాస్త్రిగారింట్లో ఎత్తిన కుర్రావిడ, ఆయన నోయిడాలో గృహప్రవేశానికి వెళ్ళారనీ, రాత్రికి అక్కడే ఉండి రేపు అటునుంచటే వ్రతానికి వెళతారనీ, సరోజినీ నగర్ వాళ్ళెవరో తనకి తెలియదనీ చెప్పింది. గౌరి ఫోను పెట్టేసి లేచింది. కూర్చుంది. రఘురామ్‌ని వదిలి వెళ్ళడానికి లేదు. పక్కకి జారితే ఎత్తేది తనొక్కతే.

అన్నపూర్ణేశ్వరిగారు అప్పటికే చెప్పులేసుకుంటున్నారు.

“మీకు హిందీ రాదండీ.”

“తెలుగు అని అడుగుతాను. ఆ మాట చాలదూ?” అని ఆటో పిలిపించుకుని వెళ్ళారు.

దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చారు. చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము. గడప మీదే కూలబడి, మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టారు.

“అన్నీ ఒకేలా ఉన్నాయే ఇళ్ళు. తెలుగు, తెలుగు అంటూ తిరిగాను. మద్రాసీ వాళ్ళిల్లని ఒకతను తీసుకెళ్ళాడు, వాళ్ళు అరవవాళ్ళు. చేతులతో చక్రాల కుర్చీ చూపించాను. నవ్వారు. తలుపు కొడితే కొందరు తియ్యనేలేదు. అమ్ముకునేదాన్ననుకున్నారు.” ఆవిడ పాదాలు నిమురుకున్నారు. “పీట మీద పరుపు వేస్తే నవ్వుతారన్నాను కదే నేను?”

గౌరి ఆవిడ పక్కన గడప మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున్న ఎక్కడో గంట మోగి ఉంటుంది, కొబ్బరికాయ కొట్టి ఉంటారు. ఆ ఇల్లు ఏదో గౌరికి తెలియలేదు. ఆవిడ ఎవరో, కుర్చీలోనే ఉంచుతానన్న ఆ మనిషి పేరేమిటో కూడా తెలియలేదు.

ఇది చదివేవాళ్ళలో సరోజినీ నగర్‌లో ఉండేవాళ్ళు ఉంటారు. బట్టల కోసం అక్కడి బజారుకి వెళ్ళేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు బజారు దాటి, ఆ క్వార్టర్ల లైన్లలోకి ఒక్కసారి తిరగండి. వరండాలో చక్రాల కుర్చీ ఉన్న తెలుగువాళ్ళ ఇల్లు కనిపిస్తే తలుపు కొట్టండి. ముందుగదిలో ఆయన బాగానే నవ్వుతూ మాట్లాడతాడు, అక్కడితో లేచి వచ్చేయకండి. లోపల ఉన్న ఆవిణ్ణి పిలిచి, ఆయన్ని పక్కకి తిప్పి చూశావా అమ్మా అని అడగండి. చూశానని తల ఊపితే, ఎప్పుడు చూశావని అడగండి.